కాంపొజిట్ హాకీ స్టిక్ షాఫ్ట్: సరదాకి ఆడేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

వారానికి ఒకటో రెండో సార్లు ఐస్ మీదకి దిగి ఐస్ హాకీ ఆడి, మర్నాడు పనికి వెళ్లేవాళ్ల కోసం రాసింది ఇది. స్టిక్‌లో చేత్తో పట్టుకునే పొడవాటి భాగం షాఫ్ట్. పక్‌ని, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని, కొట్టే కింది భాగం బ్లేడ్. కార్బన్ ఫైబర్, ఫైబర్‌గ్లాస్ లాంటివాటిని రెసిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి చేసిన స్టిక్‌ని కాంపొజిట్ అంటారు. లాకర్ రూమ్‌లో లేసులు కట్టుకుంటూ అడిగే సందేహాలే ఏడాదంతా తిరిగి తిరిగి వస్తుంటాయి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఇన్నాళ్లూ చెక్క స్టిక్‌తో ఆడాను. కాంపొజిట్‌కి మారితే నిజంగా తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది. మొదట తెలిసేది బరువు. చెక్క స్టిక్ 600 గ్రాములు దాటుతుంది. మామూలు కాంపొజిట్ 500 గ్రాముల దగ్గర, ఖరీదైనది 400 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. మూడో పీరియడ్‌లో, అంటే ఆట చివరి భాగంలో, చేతులు లాగుతున్నప్పుడు ఆ తేడా బాగా తెలిసొస్తుంది. రెండోది నిలకడ. చెక్క తేమ పీలుస్తుంది, ఒకే మోడల్ రెండు స్టిక్‌లు కూడా ఒకేలా వంగవు. కాంపొజిట్‌లో ఆ గొడవ దాదాపు లేదు.

షాట్ వేగం మాత్రం స్టిక్ మార్చినంత మాత్రాన పెరగదు. 2003లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఆట వచ్చినవాళ్ల చేతా అంతగా రానివాళ్ల చేతా రకరకాల స్టిక్‌లతో షాట్లు కొట్టించి కొలిచారు. పక్ వేగాన్ని నిర్ణయించింది నైపుణ్యం, ఒంటి బలం. స్టిక్ రకం కాదు. కొత్త స్టిక్ కొనాలని చేయి దురద పెట్టినప్పుడల్లా నేను ఆ సంగతి గుర్తు చేసుకుంటాను, అయినా కొనేస్తుంటాను.

చెక్కలో ఉండే ఒక సుఖం మాత్రం పోతుంది. పక్ బ్లేడ్‌కి తగిలినప్పుడు చేతికి అందే ఆ మెత్తటి కబురు కాంపొజిట్‌లో కాస్త కరకుగా వస్తుంది. రెండు మూడు వారాల్లో అలవాటైపోతుంది.

షాఫ్ట్ మీద 75, 85 అని ఉంటుంది. ఆ నంబర్ దేనికి?

అది ఫ్లెక్స్. షాఫ్ట్‌ని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పే అంకె. 85 అంటే సుమారు 85 పౌండ్లు, అంటే 38 కిలోల పైచిలుకు. అంకె పెరిగేకొద్దీ షాఫ్ట్ బిర్రుగా ఉంటుంది. ఒక కంపెనీ 85 ఇంకో కంపెనీ 85తో అచ్చం సరిపోదు కాబట్టి, కంపెనీ మారుతుంటే అంకెని నమ్ముకోకుండా చేత్తో వంచి చూడండి.

నా బరువు 72 కిలోలు. ఏ ఫ్లెక్స్ తీసుకోవాలి?

అందరూ వాడే లెక్క ఇది: పౌండ్లలో మీ బరువు ఎంతో అందులో సగం. 72 కిలోలంటే దాదాపు 159 పౌండ్లు, సగం 79. అంటే 75 నుంచి 80 మధ్య.

ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. సరదాకి ఆడేవాళ్లు ఆ లెక్క కంటే ఒక మెట్టు తక్కువే తీసుకోవాలని నేనంటాను. కారణం ఉంది. షాఫ్ట్ వంగినప్పుడు అందులో శక్తి దాగుతుంది, తిరిగి నిటారు అవుతూ ఆ శక్తిని పక్‌కి ఇస్తుంది. వంగకపోతే ఇచ్చేది ఏమీ ఉండదు. రోజూ జిమ్‌కి వెళ్లి, చిన్నప్పటి నుంచి షాట్లు కొట్టినవాడు తన బరువంతా స్టిక్ మీద వేయగలడు. మనం వేయలేం. మనలో చాలామందికి బరువు వెనక మడమ మీదే ఉండిపోతుంది.

నా మొదటి కాంపొజిట్ 100 ఫ్లెక్స్. "గట్టిదైతే గట్టిగా వెళ్తుంది" అనుకున్నాను. రెండు నెలల పాటు రిస్ట్ షాట్ (స్టిక్ వెనక్కి ఎత్తకుండా మణికట్టుతో విసిరే షాట్) కొట్టిన ప్రతిసారీ పక్ గోలీ (గోల్ కీపర్) దాకా నేల మీద పాకుతూ వెళ్లింది, నా కింది చేతి మణికట్టు నొప్పి పెట్టింది. టీమ్‌లో ఒకాయన తన 77 ఇచ్చి కొట్టమన్నాడు. మూడో షాట్‌కే పక్ గోలీ భుజం మీదుగా లేచింది. ఆయనేమో నవ్వాడు, నాకేమో ఆ రెండు నెలలూ తల్చుకుని ఏడుపొచ్చింది.

బరువు 100 కిలోలు, కానీ ఆటకి కొత్త. అయినా సగం లెక్కేనా?

లెక్క ప్రకారం 110 వస్తుంది. వద్దు. 85 దగ్గర మొదలుపెట్టండి. మరీ మెత్తగా అనిపించి షాట్లు గురి తప్పుతుంటే, తర్వాతి స్టిక్‌కి 95కి వెళ్లొచ్చు.

ఇంటర్మీడియట్ స్టిక్ అంటే పిల్లలదే కదా, పెద్దవాళ్లు వాడితే నవ్వరా?

నవ్వరు. సీనియర్ (పెద్దవాళ్ల) షాఫ్ట్ కంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్ కాస్త సన్నం, పొడవు తక్కువ, ఫ్లెక్స్ సాధారణంగా 55 నుంచి 65. చేతులు చిన్నవైనవాళ్లకి, 60 కిలోల లోపు బరువున్నవాళ్లకి, చాలామంది మహిళలకి సరిగ్గా అతికేది అదే. సీనియర్ షాఫ్ట్‌ని చాలా పొట్టిగా కోసి వాడేకంటే వంద రెట్లు నయం.

లో కిక్, మిడ్ కిక్ అంటారు. నాకు ఏది?

కిక్ పాయింట్ అంటే షాఫ్ట్ ఎక్కువగా వంగే చోటు. లో కిక్‌లో అది బ్లేడ్‌కి దగ్గరగా, కింద ఉంటుంది. షాఫ్ట్ తొందరగా వంగి తొందరగా విడుదలవుతుంది కాబట్టి రిస్ట్ షాట్‌కి, చటుక్కున కొట్టే స్నాప్ షాట్‌కి బాగుంటుంది. మిడ్ కిక్‌లో మధ్యలో వంగుతుంది. స్లాప్ షాట్‌కి (స్టిక్ వెనక్కి ఎత్తి బలంగా కొట్టేది), ఒంటి బరువు మొత్తం వేసి కొట్టేవాళ్లకి నప్పుతుంది. రెండిటికీ మధ్యస్థంగా ఉండేవి కూడా అమ్ముతారు.

సరదా లీగ్‌లో స్లాప్ షాట్ ఎన్నిసార్లు కొడతారు? కొన్ని చోట్ల అసలు కొట్టనివ్వరు. కాబట్టి సందేహంలో ఉంటే లో కిక్. ఫ్లెక్స్ తప్పితే మాత్రం కిక్ పాయింట్ ఏదైనా మిమ్మల్ని కాపాడదు.

ఖరీదైన స్టిక్ ఎక్కువ కాలం మన్నుతుందా?

మన్నదు. ఎక్కువమంది తప్పుగా అనుకునేది ఇక్కడే. ధర పెరిగేకొద్దీ తగ్గేది బరువు. బరువు తగ్గించడానికి నాణ్యమైన కార్బన్ ఫైబర్ వాడి, షాఫ్ట్ లోపలి గోడల్ని పల్చగా చేస్తారు. వంగడంలో ఆ షాఫ్ట్ అద్భుతం. పక్కనుంచి ఎవరో స్టిక్‌తో అడ్డంగా వేసిన దెబ్బకి మాత్రం సున్నితం. చవక స్టిక్‌లో ఫైబర్‌గ్లాస్ పాలు ఎక్కువ, బరువూ ఎక్కువే, కానీ దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది.

నా సలహా, కంపెనీ వరుసలో పైనుంచి రెండోదో మూడోదో తీసుకోండి. ఇంకా తెలివైన పని, కొత్త మోడల్ వచ్చాక పాత మోడల్‌కి ధర తగ్గించినప్పుడు కొనడం. చాలాసార్లు రెండిటి మధ్యా మనకి తెలిసేంత తేడా రంగులోనే ఉంటుంది.

3కే, 12కే, 18కే అని రాసి ఉంటుంది. ఎక్కువైతే మంచిదా?

కే అంటే వెయ్యి. కార్బన్ పోగు ఒక్కోదానిలో ఎన్ని వేల తంతువులు ఉన్నాయో చెబుతుంది. 3కే అంటే 3,000 తంతువులు. అది పోగు పరిమాణమే తప్ప నాణ్యతకి కొలత కాదు. పైకి కనిపించే నేత చాలాసార్లు అందం కోసం వేసిన పై పొర.

గ్రిప్ పూత ఉన్నది కొనాలా, లేనిదా?

మీ ఇష్టం. పూత ఉంటే గ్లవ్ జారదు. కింది చేతిని షాఫ్ట్ మీద పైకీ కిందికీ ఎక్కువ జరుపుతూ ఆడే అలవాటుంటే లేనిదే హాయి.

షాఫ్ట్ వేరు, బ్లేడ్ వేరు ఉండే రకం ఇంకా కొనొచ్చా?

దొరికితే కొనొచ్చు. 1980లు, 90ల్లో అల్యూమినియం షాఫ్ట్‌లు వచ్చినప్పుడు అందరూ ఇలాగే ఆడారు. నాటి మేటి ఆటగాడు వేన్ గ్రెట్స్కీ చేతిలో వెండి రంగు ఈస్టన్ కంపెనీ షాఫ్ట్ చూసినవాళ్లకి గుర్తుంటుంది. 2000 ప్రాంతంలో ఈస్టన్ సినర్జీతో ఒకే ముక్కగా ఉండే కాంపొజిట్ స్టిక్ జనంలోకి వచ్చాక రెండు ముక్కల రకం వెనకబడింది.

దీని లాభం, బ్లేడ్ పోతే బ్లేడ్ ఒక్కటే మార్చుకోవచ్చు. నష్టం, అతుకు దగ్గర బరువు పెరుగుతుంది, పక్ కబురు మొద్దుబారుతుంది. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: షాఫ్ట్ కింది కొన సన్నబడే రకానికి, సన్నబడని రకానికి వేర్వేరు బ్లేడ్‌లు. ఒకదానిది ఇంకోదానిలోకి ఎక్కదు. బ్లేడ్ మార్చేటప్పుడు అతుకు దగ్గర హీట్ గన్‌తో సమంగా, కొద్దికొద్దిగా వేడి చేస్తే జిగురు కరిగి ఊడొస్తుంది. తొందరపడి ఒకే చోట వేడి పెడితే రంగు పొంగి, లోపలి రెసిన్ దెబ్బతింటుంది.

## పొడవు, కోత

ఎంత పొడవుంటే సరి?

చెప్పులు లేకుండా నిలబడి, స్టిక్ బ్లేడ్ మొన నేలకి ఆనేలా ముందు నిటారుగా పెట్టుకుంటే పై కొన ముక్కు దగ్గరికి రావాలి. స్కేట్లు వేసుకుంటే గడ్డం దగ్గరికి. పక్‌ని ఎక్కువగా ఆడించేవాళ్లు ఇంకో అంగుళం తగ్గించుకుంటారు. అందుకుని పక్ తన్నుకొచ్చే డిఫెన్స్‌వాళ్లు కాస్త పొడుగే ఉంచుకుంటారు. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మడమ (బ్లేడ్ షాఫ్ట్‌ని కలిసే మూల) నుంచి షాఫ్ట్ కొస దాకా 63 అంగుళాలు పరిమితి. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకి ఆ బెంగ లేదు.

కోస్తే షాఫ్ట్ గట్టిపడుతుందంటారు. నిజమేనా?

నిజమే, అదీ అనుకున్నదానికంటే ఎక్కువగా. కడ్డీ పొడవు తగ్గితే దాన్ని వంచడానికి కావలసిన బలం పొడవు తగ్గిన నిష్పత్తిలో కాదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. 85 ఫ్లెక్స్ స్టిక్‌ని రెండు అంగుళాలు కోస్తే అది 90 దాటిన స్టిక్‌లా ప్రవర్తిస్తుంది. నాలుగు అంగుళాలు కోస్తే 100 దగ్గరికి వెళ్తుంది. చాలా స్టిక్‌ల పై కొన దగ్గర అడ్డ గీతలు గీసి, ఎక్కడ కోస్తే ఎంత ఫ్లెక్స్ అవుతుందో ముద్రించి ఉంటారు. రంపం పెట్టే ముందు ఆ అంకెలు చదవండి.

అందుకే కొనేటప్పుడే కోత లెక్క వేసుకోవాలి. నాకు చివరికి 80 కావాలి, మూడు అంగుళాలు కోయాలి అంటే, 70 దగ్గర ఉన్నది కొనాలి. ఇది తెలియక 85 కొని, నాలుగు అంగుళాలు కోసి, "ఈ స్టిక్ బాగోలేదు" అని పక్కన పడేసినవాళ్లని ఎంతమందిని చూశానో.

ఇంట్లో నేనే కోసుకోవచ్చా?

నిక్షేపంగా. కావలసింది సన్న పళ్ల హ్యాక్సా బ్లేడ్, కాస్త టేప్, మూతికి మాస్క్, చేతులకి గ్లవ్స్. కోసే చోట షాఫ్ట్ చుట్టూ టేప్ రెండు చుట్లు వేసి, దాని మీద గీత గీయండి. టేప్ లేకపోతే అంచు పేళ్లు లేస్తుంది. స్టిక్‌ని బెంచీకి గుడ్డ వేసి బిగించి, బలంగా నొక్కకుండా, రంపం బరువుతోనే కోయండి. ఒకే వైపు నుంచి చివరి దాకా రాకుండా షాఫ్ట్‌ని తిప్పుతూ నాలుగు వైపులా కొంత కొంత కోస్తే ఆఖరి గోడ చీలదు.

పని ఆరుబయట చేయండి. రాలే నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, బట్టలకి అంటితే రోజంతా ఒళ్లు దురద. ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. అంచుని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి, పైన ప్లగ్ (కొసని మూసే బిరడా) పెట్టి టేప్ చుట్టండి. షాఫ్ట్ లోపల బోలు కాబట్టి తెరిచి ఉన్న కొస గుండ్రటి కత్తి లాంటిది. అలాంటి దాన్ని ఏ రెఫరీ కూడా ఐస్ మీదకి రానివ్వకూడదు.

అయ్యో, ఎక్కువ కోసేశాను. ఇప్పుడెలా?

షాఫ్ట్ పై కొసలో దూర్చే పొడిగింపు ముక్కలు దొరుకుతాయి, చెక్కవీ ఉంటాయి, కాంపొజిట్‌వీ ఉంటాయి. వేడి జిగురుతో అంటిస్తే చాలు. చెక్క ముక్కతో పై చేతి దగ్గర బరువు కొంచెం పెరుగుతుంది, కొందరికి అదే నచ్చుతుంది. పొడవు పెరిగింది కాబట్టి స్టిక్ మళ్లీ కొంచెం మెత్తబడుతుంది.

బ్లేడ్ టేప్ మడమ వైపే అరిగిపోతోంది. షాఫ్ట్ సమస్యా?

బ్లేడ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య కోణం, దాన్నే లై అంటారు, మీరు నిలబడే తీరుకి కుదరలేదు. మడమ వైపు అరుగుతుంటే ముందు మొన గాలిలో లేస్తోందని అర్థం. స్టిక్‌ని మరీ పొట్టిగా కోస్తే ఇలా అవుతుంది, లేదా లై అంకె ఎక్కువైంది. మొన వైపు అరుగుతుంటే దీనికి తిరగేసి చూసుకోండి. టేప్ మధ్యలో అరిగితే అంతా సవ్యమే.

## ఐస్ మీద

ఫ్లెక్స్ సరిగ్గానే ఉంది, అయినా షాట్‌లో షాఫ్ట్ వంగడం లేదు. స్టిక్ తప్పా, నా తప్పా?

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు స్టిక్‌ని తిట్టే ముందు ఫోన్‌లో మీ షాట్‌ని పక్క నుంచి స్లో మోషన్‌లో తీయించుకుని చూడండి. నా వీడియో మొదటిసారి చూసుకున్నప్పుడు సిగ్గేసింది. నేను షాట్ కొడుతున్నాననుకున్నాను గానీ, చేసేది పక్‌ని చీపురుతో ఊడ్చినట్టు ఊడవడం.

ఎక్కువమందిలో కనిపించే తప్పులు రెండు. ఒకటి, కింది చెయ్యి మరీ పైన ఉంటుంది. రెండు చేతుల మధ్య ఎడం పెంచితే వంచడం తేలికవుతుంది. పై చెయ్యి ఒంటికి దూరంగా ఉంచి, కింది చేత్తో షాఫ్ట్‌ని ఐస్‌లోకి అదమాలి. రెండు, బరువు వెనక కాలి మీదే ఉంటుంది. కింది చేతి వైపు భుజం పక్ మీదకి వాలితే బరువు దానంతటదే షాఫ్ట్‌లోకి దిగుతుంది.

స్లాప్ షాట్‌లో ఇంకొకటి. బ్లేడ్ ముందు పక్‌కి కాదు, పక్ కంటే కొద్దిగా వెనక ఐస్‌కి తగలాలి. షాఫ్ట్ వంగేది ఆ క్షణంలోనే, తర్వాత బ్లేడ్ పక్‌ని చేరి దాన్ని విసురుతుంది. నేరుగా పక్‌ని కొడితే చప్పుడు వస్తుంది, వేగం రాదు. కొత్తవాళ్లు "ఐస్‌ని కొడితే స్టిక్ విరుగుతుందేమో" అని టెన్షన్ పడతారు. ఆ పని కోసమే దాన్ని తయారు చేశారు.

పాస్ అందుకుంటే పక్ ఎగిరిపోతోంది, చెయ్యి ఝుమ్మంటోంది.

కాంపొజిట్ బ్లేడ్ గట్టిది, చెక్కలా దెబ్బని మింగదు. పక్ వస్తున్నప్పుడు కింది చేతి పట్టు సడలించి, బ్లేడ్‌ని పక్‌తో పాటు కొంచెం వెనక్కి రానివ్వండి. గుడ్డ టేప్ మడమ నుంచి మొన దాకా చుట్టి పైన మైనం రుద్దితే కొంత మెత్తబడుతుంది.

ఆరు నెలలకే స్టిక్ "చచ్చిపోయింది" అనిపిస్తోంది. షాఫ్ట్ మెత్తబడుతుందా?

షాఫ్ట్‌లో రెసిన్ సన్నసన్నగా చిట్లి కాస్త సడలడం ఉంటుంది, కానీ ఎక్కువసార్లు చచ్చేది బ్లేడ్. దాని లోపల ఫోమ్ ఉంటుంది. దెబ్బలు తిని తిని ఫోమ్ నలిగిపోతే, బ్లేడ్ అడుగు అంచు చీలి నీళ్లు దూరితే, షాట్‌లో బిగువు పోతుంది. ఐస్ మీద బ్లేడ్ మొనని నొక్కి చూడండి. షాఫ్ట్ కదలకముందే బ్లేడ్ మెలి తిరిగితే పని అయిపోయినట్టే. బ్లేడ్ అడుగుకి కూడా టేప్ ఉంచితే, ఆట అయ్యాక తుడిచి ఆరబెడితే ఇంకొన్నాళ్లు లాగుతుంది.

చలికి పెళుసవుతుందా? ఎండలో కారులో వదిలేస్తే?

రింక్ (ఐస్ మైదానం) చలి కాంపొజిట్‌కి లెక్కలోది కాదు. ఎండలో మూసిన కారు మాత్రం మంచిది కాదు. రెండు ముక్కల స్టిక్‌లో జిగురు వదులవుతుంది. వంచి ఇరికించి పెట్టడం ఏ రకానికీ పనికిరాదు.

## దెబ్బలు, విరుగుళ్లు

షాఫ్ట్ నిండా గీతలే. దేనికి భయపడాలి?

రంగు మీద గీతకి భయం లేదు. గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు జారిపోతే అది రంగే. గోరు తట్టుకుని ఆగితే, లోపల దారాల్లాంటి నల్లటి ఫైబర్ కనిపిస్తే, షాఫ్ట్‌కి గాయమైంది. ముఖ్యంగా నాలుగు మూలల అంచులు చూడండి. వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది అక్కడే, స్టిక్ దెబ్బలు తగిలేదీ అక్కడే. కింది చెయ్యి పట్టే చోటు నుంచి బ్లేడ్ దాకా ఉన్న భాగాన్ని ఇంకా శ్రద్ధగా.

ఇంకో పరీక్ష, నాణెంతో షాఫ్ట్ పొడవునా టకటకా కొట్టుకుంటూ పోవడం. మంచి చోట చప్పుడు ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట డొల్లగా, మొద్దుగా వస్తుంది. ఆ చోట వేలితో నొక్కితే కిర్రుమంటే ఆ స్టిక్‌ని ప్రాక్టీస్‌కి దింపేయండి.

గట్టిగా కొట్టను కూడా కొట్టలేదు, మామూలు పాస్‌కి విరిగింది. నాసిరకం అంటగట్టారా?

బహుశా కాదు. కాంపొజిట్ చెక్కలా కిర్రుకిర్రుమని హెచ్చరించి విరగదు. పోయిన వారం ఎవరో వేసిన దెబ్బకి లోపల చిన్న పగులు పడుతుంది. ఆ తర్వాత ప్రతి షాట్‌కీ అది కొంచెం కొంచెం పెరుగుతుంది. ఒక రోజు పాస్ ఇస్తుంటే ఫట్‌మంటుంది. ఆ పాస్ పాపం ఏమీ చేయలేదు. నా స్టిక్ ఒకటి ఫేసాఫ్ (రెఫరీ పక్ వదిలి ఆట మొదలుపెట్టడం) దగ్గర నిలబడి, దాని మీద ఆనుకున్నప్పుడు విరిగింది. అంతకు ముందు ఆటలో దాని మూల మీద పడ్డ గంటుని చూసి కూడా "ఏమవుతుందిలే" అనుకున్నాను.

ఆట మధ్యలో విరిగితే ఏం చేయాలి?

వెంటనే కింద పడేయండి. విరిగిన స్టిక్‌తో ఆడితే పెనాల్టీ, మైనర్ కింద రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. గోలీకి మాత్రం మినహాయింపు ఉంటుంది. ముక్కల్ని వట్టి చేత్తో ఎత్తకండి. కార్బన్ పేడు వేలిలో దిగితే కంటికి కనిపించదు, మూడు రోజులు గుచ్చుతూనే ఉంటుంది.

వారంటీ ఉంటుందా?

చాలా కంపెనీలు కొన్న రోజు నుంచి 30 రోజులు ఇస్తాయి. బిల్లు దాచండి, విరిగిన రెండు ముక్కలూ దాచండి, షాఫ్ట్ మీది సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్ పీకకండి. కొన్న మొదటి నెలలో స్టిక్‌ని అల్మారాలో పెట్టకుండా బాగా ఆడండి. లోపం ఉంటే బయటపడాల్సింది అప్పుడే.

విరిగినదాన్ని రిపేర్ చేయిస్తే పనికొస్తుందా?

షాఫ్ట్ విరిగితే లోపల కాంపొజిట్ గొట్టం దూర్చి ఎపాక్సీతో అతికేవాళ్లున్నారు. బరువు పెరుగుతుంది, అతికిన చోట బిర్రుగా ఉండి ఫ్లెక్స్ తీరు మారుతుంది. ప్రాక్టీస్‌కి, వీధిలో బంతి హాకీకి బాగానే పనికొస్తుంది. బ్లేడ్ విరిగి షాఫ్ట్ బాగుంటే, దాన్ని కోసి బ్లేడ్ తగిలించుకోవడం కూడా ఒక దారే, పొడవు సరిపోతే.

ఒక్కటి చాలా, రెండోది కూడా కొనాలా?

రెండుండాలి. ఒక్క ఖరీదైన స్టిక్ కొనే డబ్బుతో మధ్యరకం రెండు వస్తాయి, అదే మేలు. రెండూ ఒకే ఫ్లెక్స్, ఒకే బ్లేడ్ వంపు, ఒకే పొడవు ఉండాలి. వేర్వేరుగా ఉంటే మొదటిది విరిగిన రోజు మిగతా ఆటంతా పక్‌ని వెతుక్కోవడంతోనే సరిపోతుంది. రెండోదానికి కూడా ముందే టేప్ చుట్టి బెంచీ దగ్గర పెట్టుకోండి.